గాలిపటానికి ముందు ఒక బీరువా

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది గాలిపటం. ఉరుముల వానలో గాలిపటం ఎగరేసి, దారానికి తాళంచెవి కట్టి, మెరుపంటే కరెంటేనని తేల్చిన పెద్దమనిషి. స్కూలు ఫిజిక్స్ పుస్తకంలో ఆ బొమ్మ చూడని వాళ్ళు మనలో తక్కువే. ఇంకొంచెం తెలిసిన వాళ్ళకి వంద డాలర్ల నోటు మీది ముఖం గుర్తొస్తుంది. మొన్నటి దాకా నాకూ అంతే తెలుసు.

నేను ఆయన జీవితంలోకి వేరే దారిలో వెళ్ళాను. మన క్లబ్ బీరువా దారిలో.

పోయినేడాది మనం ఏం చేశామో గుర్తుందా? అందరం ఇంటి నుంచి తలా రెండు మూడు తెలుగు పుస్తకాలు తెచ్చి, క్లబ్ రూములో ఉన్న పాత స్టీలు బీరువాలో పెట్టాం. ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకెళ్ళి చదివి మళ్ళీ పెట్టేయాలి. రిజిస్టర్ లేదు, తాళం లేదు, ఫైన్ లేదు. మనమంతా ఫ్రెండ్సే కదా అనుకున్నాం. రెండో సెమిస్టర్ అయ్యేసరికి బీరువాలో మిగిలినవి నాలుగు గేట్ గైడ్లు, అట్ట చిరిగిన మూడు నవలలు. నేను తెచ్చింది మా తాతయ్య పుస్తకం. పాత కథల సంపుటి, మొదటి పేజీలో ఆయన సంతకం, కింద 1968 అని తారీఖు. అదీ పోయింది. ఎవర్నీ అనడానికి లేదు, ఎందుకంటే ఎవరు తీసుకెళ్ళారో ఎక్కడా రాసుకోలేదు. నిజం చెప్పాలంటే ఇంకో బాధ కూడా ఉంది. ఇంగ్లీషు మీడియం వాడిని, తెలుగు మెల్లగా కూడబలుక్కుంటూ చదువుతాను. ఆ పుస్తకంలో నేను చదివింది రెండు కథలే.

ఇలా పుస్తకాలు కలిపి పెట్టుకున్న క్లబ్బులు ఇంకెక్కడైనా నిలబడ్డాయా అని వెతుకుతుంటే ఫ్రాంక్లిన్ దొరికాడు. ఆయనకీ ఇలాగే జరిగింది, సుమారు మూడొందల ఏళ్ళ క్రితం. తర్వాత ఆయన ఏం చేశాడో చదివాక, గాలిపటం కన్నా ఇదే పెద్ద ప్రయోగం అనిపించింది.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. అప్పటికి అమెరికా అనే దేశం లేదు, బ్రిటిష్ వాళ్ళ వలస రాజ్యాలే ఉన్నాయి. తండ్రి జోసయ్య కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసి అమ్మేవాడు. ఇద్దరు భార్యల వల్ల ఆయనకి మొత్తం 17 మంది పిల్లలు. మగపిల్లల్లో అందరికంటే చిన్నవాడు మన బెంజమిన్. అంతమందిని పెంచాలి కాబట్టి ఇతన్ని చదివించింది రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో లెక్కల్లో ఫెయిలయ్యాడు కూడా! పదేళ్ళకి బడి మాన్పించి కొవ్వొత్తుల పనిలో పెట్టారు. వత్తులు కత్తిరించడం, అచ్చుల్లో కొవ్వు పోయడం, కొట్లో కూర్చోవడం. అతనికి ఆ పని అస్సలు నచ్చలేదు.

నచ్చినది చదవడం. చేతికొచ్చిన ప్రతి పైసా పుస్తకాలకే పోయేది. ముందు జాన్ బన్యన్ రాసిన పుస్తకాలు కొనుక్కున్నాడు. చదివేశాక వాటిని అమ్మేసి, ఆ డబ్బుతో వీధుల్లో తిరిగి అమ్మేవాళ్ళ దగ్గర దొరికే చవక చరిత్ర పుస్తకాలు కొన్నాడు. మనం సెమిస్టర్ అయ్యాక పాత టెక్స్ట్‌బుక్కులు జూనియర్లకి అమ్మేసి కొత్తవి కొనుక్కోమూ, అలాగే. ఈ పిచ్చి చూసే తండ్రి అతన్ని 12వ ఏట ప్రింటింగ్ పనిలో పెట్టాడు. పెద్దకొడుకుల్లో ఒకడైన జేమ్స్‌కి అచ్చాఫీసు ఉండేది. 21 ఏళ్ళు వచ్చేదాకా అన్న దగ్గరే పనిచేయాలని ఒప్పందం రాయించారు.

అక్కడే అతనికి పుస్తకాల రహస్య మార్గం ఒకటి తెరుచుకుంది. పుస్తకాల కొట్లలో పనిచేసే కుర్రాళ్ళతో స్నేహం కుదిరింది. సాయంత్రం కొట్టు మూసేటప్పుడు వాళ్ళు ఒక పుస్తకం ఇచ్చేవాళ్ళు. పొద్దున్న కొట్టు తెరిచేలోపు, యజమాని చూడకముందే తిరిగి పెట్టేయాలి. కాబట్టి రాత్రంతా కూర్చుని చదవడమే. మాపకూడదు, మడతపెట్టకూడదు. ఆ ఊళ్ళోని మాథ్యూ ఆడమ్స్ అనే వ్యాపారి ఇది గమనించి, తన ఇంట్లోని పుస్తకాలు చదువుకోమని ఇచ్చాడు. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఫ్రాంక్లిన్ పెద్దయ్యాక చేసిన పనికి మూలం ఇదేనేమో. ఎవరో ఇస్తే తప్ప అతనికి పుస్తకం లేదు.

16 ఏళ్ళప్పుడు ఒక పుస్తకం చదివి మాంసం మానేశాడు. అందులోనూ పుస్తకాల లెక్కే ఉంది. అన్న తన పనివాళ్ళందరి భోజనానికి ఒక ఇంట్లో డబ్బు కట్టేవాడు. నా వంతులో సగం నాకిచ్చెయ్, నా తిండి నేనే చూసుకుంటానని ఇతను అడిగాడు. అన్న వెంటనే ఒప్పుకున్నాడు. రొట్టె ముక్క, గుప్పెడు ఎండుద్రాక్ష, మంచినీళ్ళు, అంతే భోజనం. అన్న ఇచ్చిన దాంట్లోనూ సగం మిగిలేది. అది పుస్తకాలకి. పైగా మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు ఖాళీ అచ్చాఫీసులో కూర్చుని చదువుకోవడానికి టైమ్ దొరికేది. స్కూల్లో తప్పిన లెక్కలు ఆ రోజుల్లోనే సొంతంగా నేర్చుకున్నాడు.

రాయడం కూడా అలాగే నేర్చుకున్నాడు. అప్పట్లో లండన్ నుంచి వచ్చిన స్పెక్టేటర్ అనే పత్రిక సంపుటిలోంచి ఒక వ్యాసం తీసుకునేవాడు. ప్రతి వాక్యానికీ చిన్న గుర్తు రాసుకుని, పుస్తకం పక్కన పెట్టేసి, కొన్ని రోజుల తర్వాత ఆ గుర్తులతో మళ్ళీ తన మాటల్లో రాసేవాడు. తర్వాత అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. మన భాషలో చెప్పాలంటే రివర్స్ ఇంజనీరింగ్. 1722లో అన్న నడిపే పత్రికకి ఒక వితంతువు పేరుతో 14 ఉత్తరాలు రాసి, రాత్రిపూట తలుపు కింద నుంచి తోసేసేవాడు. అవి ఎవరు రాశారో తెలీక అన్న, అన్న స్నేహితులు మెచ్చుకుని అచ్చువేశారు. రాసింది తమ్ముడని తెలిశాక అన్నకి నచ్చలేదు. అంతకుముందే గొడవలు, దెబ్బలు. చివరికి 1723లో, 17 ఏళ్ళ వయసులో, ఒప్పందం తెంచుకుని ఊరొదిలి పారిపోయాడు. పడవ ఖర్చుకి డబ్బు లేక కొన్ని పుస్తకాలు అమ్మాడు. ఆ కుర్రాడి దగ్గర అమ్మడానికి ఉన్న ఆస్తి అదే.

న్యూయార్క్‌లో పని దొరకలేదు. అక్కడి నుంచి పడవలోనూ నడిచీ ఫిలడెల్ఫియా చేరాడు. అక్టోబర్‌లో ఒక ఆదివారం పొద్దున్న ఊళ్ళో దిగాడు. మాసిన బట్టలు, జేబుల్లో ఉతకాల్సిన చొక్కాలు, చేతిలో ఒక డాలరు, కొంచెం చిల్లర. మూడు పెన్నీలకి రొట్టె కొంటే మూడు పెద్ద రొట్టెలిచ్చారు. చెరో చంకలో ఒకటి పెట్టుకుని, మూడోది తింటూ వీధిలో నడిచాడు. ఒక ఇంటి గుమ్మంలో నిలబడి అతని అవతారం చూసిన అమ్మాయి పేరు డెబోరా రీడ్. ఏడేళ్ళ తర్వాత ఆమే అతని భార్య అయింది.

అక్కడ ఒక అచ్చాఫీసులో చేరాడు. ఆ రాష్ట్ర గవర్నర్ కీత్ ఇతని తెలివి చూసి, సొంత అచ్చాఫీసు పెట్టిస్తాను, లండన్ వెళ్ళి సామాను కొనుక్కురా, పరపతి ఉత్తరాలు ఇస్తాను అన్నాడు. నమ్మి 1724లో ఓడెక్కాడు. లండన్‌లో దిగాక చూస్తే ఒక్క ఉత్తరం లేదు. 18 ఏళ్ళకి, ఎవరూ తెలియని ఊళ్ళో, చేతిలో డబ్బు లేకుండా ఇరుక్కుపోయాడు. అచ్చాఫీసుల్లో పనిచేసి బతికాడు. అద్దెకున్న గది పక్కన విల్‌కాక్స్ అనే పాత పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. అప్పటికింకా అద్దెకి పుస్తకాలిచ్చే లైబ్రరీలు లేవు. ఫ్రాంక్లిన్ ఆయనతో మాట్లాడుకుని, కొంత ఇచ్చి, ఏ పుస్తకమైనా తీసుకెళ్ళి చదివి తిరిగిచ్చేలా ఏర్పాటు చేసుకున్నాడు. అప్పు పుస్తకాలకి ఒక షరతు, ఒక లెక్క ఉండటం బహుశా మొదటిసారి అక్కడే అనుభవమై ఉంటుంది.

1726లో ఫిలడెల్ఫియా తిరిగొచ్చాడు. మరుసటేడు, 1727లో, తనకి 21 ఏళ్ళప్పుడు, తెలిసిన కుర్రాళ్ళని కూడగట్టి ఒక క్లబ్ పెట్టాడు. దాని పేరు జుంటో. ప్రతి శుక్రవారం సాయంత్రం కలిసేవాళ్ళు, ముందు ఒక సారా కొట్లో, తర్వాత సభ్యుల్లో కాస్త ఉన్నవాడైన రాబర్ట్ గ్రేస్ ఇంట్లో ఒక గదిలో.

ఎవరెవరున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. జోసెఫ్ బ్రెయింట్నల్ దస్తావేజులకి నకళ్ళు రాసేవాడు. విలియం పార్సన్స్ చెప్పులు కుట్టేవాడు, కానీ పుస్తకాలంటే ప్రాణం. విలియం మాగ్రిడ్జ్ వడ్రంగి. నికొలస్ స్కల్ భూమి కొలిచే సర్వేయరు. విలియం కోల్మన్ ఒక వ్యాపారి దగ్గర గుమస్తా. థామస్ గాడ్‌ఫ్రే అద్దాలు బిగించే పనివాడు, సొంతంగా లెక్కలు నేర్చుకుని ఓడల వాళ్ళకి పనికొచ్చే కొలత పరికరం కనిపెట్టాడు. కాకపోతే ఎవరేం మాట్లాడినా అక్షరం అక్షరం సరిచూసి వాదించేవాడు, త్వరలోనే క్లబ్ మానేశాడు. ప్రతి క్లబ్‌లో ఒక గాడ్‌ఫ్రే ఉంటాడు, మనకి తెలుసు! ఇంకొందరు ఫ్రాంక్లిన్‌తో పాటు అచ్చాఫీసులో పనిచేసిన వాళ్ళు. పెద్ద చదువులు చదివినవాళ్ళు దాదాపు లేరు. అందరూ చేతిపని వాళ్ళు, పగలంతా కష్టపడి సాయంత్రం చదువుకోవాలనుకునేవాళ్ళు.

జుంటో రహస్యంగా నడిచేది. ఊళ్ళో తెలిస్తే పనికిరాని వాళ్ళు చేరతామని వెంటపడతారు, కాదనడం కష్టమని వాళ్ళ భయం. నియమాలు మాత్రం గట్టివి. ప్రతి సభ్యుడూ వంతులవారీగా చర్చకి ప్రశ్నలు తేవాలి. మూడు నెలలకోసారి ఏదో ఒక విషయం మీద వ్యాసం రాసి చదవాలి. ప్రతి సమావేశంలో అడిగే ప్రశ్నల జాబితా ఒకటి ఉండేది, మొత్తం 24. ఈమధ్య చదివినదాంట్లో మిగతావాళ్ళకి చెప్పదగ్గది ఉందా, ఊళ్ళో ఎవరి వ్యాపారమైనా దెబ్బతిందా, ఎందుకు, కొత్తగా పని మొదలెట్టిన కుర్రాడెవరికైనా మనం సాయపడగలమా, ఇలాంటివి. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఒక గ్లాసు వైను తాగేంత విరామం ఉండాలని కూడా రాసుకున్నారు. ఎండాకాలంలో చల్లటి నీళ్ళు పోసిన లోటా బయట చెమట ఎలా పడుతుందన్నది వాళ్ళు చర్చించిన ప్రశ్నల్లో ఒకటి.

నాకు బాగా నచ్చిన నియమం ఇంకోటుంది. వాదనలో ఖచ్చితంగా ఇంతే అని బల్లగుద్ది చెప్పినా, ఎదుటివాణ్ణి మొహం మీద కాదన్నా చిన్న జరిమానా. మన వాట్సాప్ గ్రూపులో ఇది పెడితే ఒక్క నెలలో క్లబ్‌కి కొత్త బీరువా వచ్చేస్తుంది.

ఈ స్నేహం కబుర్లతో ఆగలేదు. ఫ్రాంక్లిన్ సొంత అచ్చాఫీసు పెట్టాక, భాగస్వామి తండ్రి ఇస్తానన్న డబ్బు ఇవ్వలేకపోయాడు. అప్పులవాళ్ళు కోర్టుకెళ్ళారు. అప్పుడు కోల్మన్ ఒకసారి, గ్రేస్ ఒకసారి, ఒకరికొకరు తెలియకుండా వచ్చి, తాము అడగకుండానే డబ్బిస్తామన్నారు. ఇద్దరినీ నొప్పించకుండా చెరిసగం తీసుకుని నిలబడ్డాడు. ఆ అచ్చాఫీసు లేకపోతే తర్వాతి ఫ్రాంక్లిన్ లేడు.

ఇప్పుడు బీరువా సంగతి.

అప్పట్లో బోస్టన్‌కి దక్షిణాన వలస రాజ్యాల్లో ఎక్కడా చెప్పుకోదగ్గ పుస్తకాల కొట్టు లేదు. అచ్చాఫీసుల వాళ్ళు కాగితాలు, పంచాంగాలు, కొన్ని బడి పుస్తకాలు అమ్మేవాళ్ళు. చదవాలంటే ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవాలి. జుంటో చర్చల్లో మాటిమాటికీ పుస్తకాలు చూడాల్సొచ్చేది. అందుకని ఫ్రాంక్లిన్ ఒక మాట చెప్పాడు. ఎవరి పుస్తకాలు వాళ్ళింట్లో ఉండే బదులు, అన్నీ తెచ్చి గ్రేస్ ఇంట్లో మన గదిలో పెడదాం, అందరం అన్నీ చదువుకోవచ్చు. అందరూ సరేనన్నారు. అనుకున్నన్ని రాలేదు కానీ గదిలో ఒక చివర నిండింది.

ఒక్క ఏడాది నడిచింది. పుస్తకాల బాగోగులు పట్టించుకునేవాళ్ళు లేక పాడైపోయాయి, సభ్యులకి చిరాకులు వచ్చాయి. ఏడాది తర్వాత ఎవరి పుస్తకాలు వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపోయారు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది. వాళ్ళు డజను మంది ప్రాణస్నేహితులు. అప్పుల్లో ఒకరినొకరు కాపాడుకున్నవాళ్ళు. వాళ్ళకే చేతకాలేదంటే మనది మనుషుల లోపం అనుకోనక్కర్లేదు, ఏర్పాటు లోపం. పుస్తకం నాది, గది గ్రేస్‌ది, చూసుకోవాల్సిన బాధ్యత ఎవరిదీ కాదు. అలాంటి చోట పాడవడం ఖాయం.

ఫ్రాంక్లిన్ కూడా అలాగే ఆలోచించి ఉండాలి, ఎందుకంటే తర్వాతి ఏర్పాటులో ఆ మూడూ మార్చేశాడు. 1731 జులై 1న లైబ్రరీ కంపెనీ ఆఫ్ ఫిలడెల్ఫియా పత్రం తయారైంది. అప్పటికి ఆయన వయసు 25. చేరేటప్పుడు ఒక్కొక్కరు 40 షిల్లింగులు కట్టాలి, తర్వాత ఏడాదికి 10 షిల్లింగుల చొప్పున 50 ఏళ్ళు. పుస్తకాలు ఎవరి సొంతమూ కావు, కంపెనీవి. పుస్తకం తీసుకెళ్ళేవాడు సరిగ్గా తిరిగివ్వకపోతే రెట్టింపు ధర కడతానని చీటీ రాసివ్వాలి.

మొదట 50 మంది దొరకడానికే చాలా తిరగాల్సొచ్చింది. ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు ఆయనకి ఒకటి అర్థమైంది. ఇది నా ఆలోచన అని చెప్తే జనం వెనకాడుతున్నారు. పొరుగువాడు తమకన్నా కొంచెం పైకి కనిపించే పని అంటే ఎవరికైనా కష్టమే. అందుకని తన పేరు వెనక్కి పెట్టేసి, కొందరు స్నేహితులు చేస్తున్న ఏర్పాటు, పుస్తకాలంటే ఇష్టమున్న వాళ్ళని కలవమని నన్ను పంపారు అని చెప్పడం మొదలెట్టాడు. పని సాఫీగా సాగింది. తర్వాత జీవితంలో ఏ మంచి పని మొదలెట్టినా ఇదే పద్ధతి వాడాడు.

పత్రం రాసిన బ్రాక్‌డెన్ అనే ఆయన వీళ్ళని చూసి, మీరంతా కుర్రాళ్ళే అయినా ఈ యాభై ఏళ్ళ గడువు తీరేదాకా మీలో ఒక్కరూ బతికుండరేమో అన్నాడట. ఫ్రాంక్లిన్ అంతకుమించి బతికాడు. లైబ్రరీ ఇప్పటికీ ఉంది.

ఏ పుస్తకాలు కొనాలో ఊళ్ళో అందరికంటే చదువుకున్న జేమ్స్ లోగన్‌ని అడిగి జాబితా వేశారు. 45 పౌన్లు లండన్‌కి పంపారు. అక్కడ పీటర్ కాలిన్సన్ అనే బట్టల వ్యాపారి పుస్తకాలు కొని పంపాడు, ఆ తర్వాత దాదాపు 30 ఏళ్ళు పైసా తీసుకోకుండా ఇదే పని చేశాడు. 1732 అక్టోబర్‌లో మొదటి పెట్టెలు దిగాయి. చరిత్ర, భౌగోళికం, లెక్కలు, సైన్సు, నిఘంటువులు. పండితుల లాటిన్ తక్కువ, చేతిపనివాళ్ళు చదవగలిగే ఇంగ్లీషే ఎక్కువ. ఈ సంగతి దగ్గర నేను నన్ను తలుచుకున్నాను. పెద్ద భాష రానివాడికి కూడా అందేలా బీరువా నింపడం ఒక నిర్ణయం, దానంతటది జరగదు.

మళ్ళీ అదే రాబర్ట్ గ్రేస్ ఇల్లు. అదే గది! కానీ ఈసారి లూయీ తిమోతీ అనే అతన్ని జీతానికి పెట్టారు. బుధవారం మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా, శనివారం పొద్దున్న 10 నుంచి సాయంత్రం 4 దాకా అతను కూర్చోవాలి. వారానికి ఏడు గంటలు. అతను వెళ్ళిపోయాక కొన్ని నెలలు ఫ్రాంక్లినే లైబ్రేరియన్‌గా కూర్చున్నాడు. సభ్యులు కానివాళ్ళు కూడా డిపాజిట్ కట్టి పుస్తకం తీసుకెళ్ళే వీలు తర్వాత కల్పించారు. ఈ ఏర్పాటు చూసి మిగతా ఊళ్ళలోనూ ఇలాంటి లైబ్రరీలు పుట్టాయి.

తన సంగతికొస్తే, బడిలో పోయిన చదువుని ఆ లైబ్రరీలోనే పూడ్చుకున్నాడు. రోజుకి గంటో రెండు గంటలో అక్కడి పుస్తకాలకి కేటాయించాడు. తాగుడు, జూదం, ఆటల జోలికి పోలేదు. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ నేర్చుకున్నాడు. ఇటాలియన్ నేర్చుకుంటున్న స్నేహితుడొకడు చెస్‌కి పిలిచి టైమ్ తినేస్తుంటే, గెలిచినవాడు ఓడినవాడికి ఇటాలియన్ వ్యాకరణమో అనువాదమో పని ఇవ్వాలని పందెం పెట్టాడు. ఇద్దరూ సమానంగా ఆడేవాళ్ళు కాబట్టి ఒకరినొకరు కొట్టుకుంటూ భాష నేర్చేసుకున్నారు.

పుస్తకం ఇచ్చిపుచ్చుకోవడంలో ఉన్న బలం ఆయనకి ఎంత తెలుసో ఇంకో సంగతి చెప్తాను. రాష్ట్ర అసెంబ్లీలో ఫ్రాంక్లిన్ గుమస్తాగా ఉన్నప్పుడు ఒక కొత్త సభ్యుడు ఆయనకి వ్యతిరేకంగా పెద్ద ప్రసంగం చేశాడు. ఫ్రాంక్లిన్ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడలేదు. ఆయన దగ్గర ఒక అరుదైన పుస్తకం ఉందని విని, కొన్నాళ్ళు చదువుకోవడానికి ఇస్తారా అని చీటీ పంపాడు. వెంటనే వచ్చింది. వారంలో కృతజ్ఞతలతో తిరిగిచ్చాడు. తర్వాత సభలో కలిసినప్పుడు ఆ మనిషే ముందుగా వచ్చి పలకరించాడు, చచ్చేదాకా స్నేహితుడిగా ఉన్నాడు. పుస్తకం టైముకి తిరిగివ్వడం అంత పెద్ద విషయం అన్నమాట.

గాలిపటం దగ్గరికి వద్దాం. 1740ల మధ్యలో కాలిన్సన్ లైబ్రరీకి పుస్తకాలతో పాటు ఒక గాజు గొట్టం పంపాడు, దాన్ని రుద్ది కరెంటు ఎలా పుట్టించాలో వివరంగా రాసిన కాగితంతో సహా. ఫ్రాంక్లిన్, ఇంకొందరు లైబ్రరీ స్నేహితులు దాని మీద పడ్డారు. ఏం చేశారో కాలిన్సన్‌కే ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలే 1751లో లండన్‌లో పుస్తకమయ్యాయి. ఛార్జ్‌కి ప్లస్, మైనస్ అనే గుర్తులు, బ్యాటరీ అనే మాట మనకి వచ్చింది ఆ ప్రయోగాల నుంచే. 1752లో గాలిపటం. మనం బి.ఇ.ఇ. ల్యాబ్‌లో వాడే మాటల వెనక ఒక పుస్తకాల క్లబ్‌కి వచ్చిన పార్సిల్ ఉంది.

1774 సెప్టెంబర్‌లో వలస రాజ్యాల ప్రతినిధులు మొదటి కాంగ్రెస్‌గా ఫిలడెల్ఫియాలో కార్పెంటర్స్ హాల్లో కలిశారు. వాళ్ళ మీద అంతస్తులోనే లైబ్రరీ కంపెనీ ఉంది. ప్రతినిధులు పుస్తకాలు వాడుకోవచ్చని డైరెక్టర్లు అనుమతిచ్చారు. ఆ రోజుల్లో ఫ్రాంక్లిన్ లండన్‌లో ఉన్నాడు. ఆయన లేకపోయినా బీరువా పనిచేస్తూనే ఉంది.

ఇంత మెచ్చుకున్నాక ఒకటి దాచడం తప్పవుతుంది. ఆ బీరువా అందరిదీ కాదు. జుంటోలో ఆడవాళ్ళు లేరు, నల్లజాతి వాళ్ళు లేరు. 40 షిల్లింగులు కూలివాడికి చిన్న మొత్తం కాదు. ఫ్రాంక్లిన్ ఇంట్లో బానిసలుండేవాళ్ళు. ఆయన పత్రికలో బానిసల అమ్మకాల ప్రకటనలు, పారిపోయినవాళ్ళని పట్టిస్తే బహుమతి అనే ప్రకటనలు డబ్బు తీసుకుని వేసేవాడు. 17 ఏళ్ళప్పుడు తనూ ఒప్పందం తెంచుకుని పారిపోయి వచ్చినవాడే. ఆ ప్రకటనలకి అక్షరాలు పేరుస్తున్నప్పుడు ఏమనుకునేవాడో నాకు అర్థం కాలేదు. ముసలితనంలో మారాడు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో, చనిపోవడానికి రెండు నెలల ముందు, బానిసత్వం ఆపమని కాంగ్రెస్‌కి పెట్టిన అర్జీ మీద సంతకం చేశాడు. కాంగ్రెస్ ఆపలేదు. ఆలస్యమైన మార్పే, కానీ మార్పు.

చివరి రోజుల్లో రెండు సంగతులు నాకు మిగిలిపోయాయి. మసాచుసెట్స్‌లో ఒక ఊరు 1778లో ఆయన పేరు పెట్టుకుంది. చర్చికి గంట కొనివ్వమని అడిగితే, గంట బదులు 116 పుస్తకాలు పంపించాడు. ఇవాళ్టికీ ఆ ఊళ్ళో వాటిని దాచుకున్నారు.

రెండోది, 1789లో లైబ్రరీ కంపెనీ సొంత భవనానికి శంకుస్థాపన చేసినప్పటిది. పునాదిరాయి మీద చెక్కే మాటలు ఫ్రాంక్లిన్‌నే రాయమన్నారు. 1731లో ఈ లైబ్రరీ పెట్టింది ఈ ఊరి కుర్రాళ్ళు, ఎక్కువమంది చేతిపనివాళ్ళు అని రాసిచ్చాడు. తన పేరు రాయలేదు. కమిటీ వాళ్ళే తర్వాత చేర్చారు. 1790 ఏప్రిల్ 17న, 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు. అంత్యక్రియలకి సుమారు 20,000 మంది వచ్చారు.

ఇక మన సంగతి. ఈ సెమిస్టర్ చివర్లో బీరువా డిపార్ట్‌మెంట్‌కి తిరిగిచ్చేద్దామని మాట వినిపిస్తోంది. వద్దని నా విన్నపం. ఎవరి పుస్తకాలు వాళ్ళు తేవద్దు. తలా వంద రూపాయలు వేసి క్లబ్ పేరు మీద కొందాం, సెమిస్టర్‌కి ఇరవై చొప్పున కడదాం. నా లాగా మెల్లగా చదివేవాళ్ళకి తేలికైన కథలు కూడా జాబితాలో ఉండాలి. తీసుకెళ్ళినవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, పోగొడితే రెట్టింపు. బుధవారం మధ్యాహ్నం గంటసేపు రూములో నేను కూర్చుంటాను, శనివారానికి ఇంకొకరు కావాలి.

రిజిస్టర్ కొన్నాను. మొదటి పేజీ ఖాళీగా ఉంది. తాతయ్య పుస్తకం మీలో ఎవరి దగ్గరున్నా ఏమీ అడగను, బీరువాలో పెట్టేయండి. ఇంకా పన్నెండు కథలు చదవాల్సి ఉంది.